కాశప్ప మగ్గం గుంత

రా మే లావణ్యా, చెప్పులు ఆడ ఇడిసి లోపలికి రా. కుర్చీ ఎందుకు, ఈ చాప మీద కూసో, ఈడికి ఎండ రాదు. ఉగ్గాని కలిపినా, బజ్జీలు ఇంకా నూనెలోనే ఉండాయి. ఏంది, ఆకలి ల్యాదా? ఆ యూనివర్సిటీలో ఉద్యోగమొస్తే అందరికీ ఇదే రోగం. మా సిద్ధప్పకూ ఇట్లనే ఆకలి పోయింది. తిను, తింటా ఇను. నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసులే. నిన్న మీయమ్మ ఫోన్లో అన్నది, 'అత్తా, మా పిల్లను ఎస్టేటు ఆఫీసులో ఏసినారు, ఎమ్మిగనూరు హాలు ఎవరికియ్యాల్నో రాసి పెట్టమన్నారంట, లోపలికి పోయి సూస్తే నడిమధ్య గుంతొకటి, దాని సుట్టూ కటకటాలు, ఇన్నేండ్లు అది ఖాళీగా ఎందుకుందో ఆఫీసులో ఒక్కనికీ తెలీదంట' అని. ఎట్ల తెలుస్తుంది? తెలిసినోళ్లు సగం మంది రిటైరైపాయిరి, సగం మంది పైకి పాయిరి. మిగిలింది నేనొకతిని. నాకెన్నేండ్లనుకున్నావు? నూట పది. నవ్వాకు మే. ఓటరు కార్డులో డెబ్బైయెనిమిదని ఉంటే ఉండనీ, అది రాసినోనికి లెక్కలు రావు.

మా సిద్ధప్ప నాకు మర్ది. మా ఆయనకు సొంత తమ్ముడు. హొళగుంద పక్కన పల్లెకు నేను కోడలుగా పోయినప్పుడు వాడు చింపిరి తలతో, ముక్కు కార్చుకుంటా, కన్నడం సగం తెలుగు సగం మాట్లాడేటోడు. నేను సెప్పింది వానికి అర్థమయ్యేది కాదు, వాడు సెప్పింది నాకు అర్థమయ్యేది కాదు, అందుకే మాకు ఎన్నడూ కొట్లాట రాలా. సదువుకున్యాడు, ఇంజినీరైనాడు, పెండ్లి మాత్రం సేసుకోలా. 'ఏమప్పా, నీకు పిల్లను సూడనా?' అంటే, 'వదినా, ఇంట్లో ఇంకొక మనిషికి జాగా యాడుంది?' అనేటోడు. వానికి అన్నీ జాగా లెక్కలే. నేను వండిన రాగిసంగటి ముద్ద సూసి, 'ఇది తట్టలో మరీ ఎక్కువ జాగా తింటాంది వదినా' అన్నోడు వాడు. మా ఆయన పోయినాక కూడా ఆదోనిలో నాతోనే, ఇదిగో ఈ ఇంట్లోనే ఉండినాడు.

ఆదోనిలో యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికి ఇల్లు ల్యాదు, వాకిలి ల్యాదు. మూతబడిన దూది మిల్లు ఒకటి తీసుకుని, బోర్డు తగిలించి, ఇదే యూనివర్సిటీ అన్నారు. ఇప్పుడు మీరు ఏసీలు పెట్టుకుని కూసుంటారే లైబ్రరీ, ఆడ దూది బేళ్లు పేర్చేటోళ్లు. మొదటేడు పరీక్ష రాసిన పిల్లోళ్లు బయటికొస్తే తలల నిండా దూదే. గేటుకాడ నిలబడిన తల్లులు గొల్లున ఏడ్సినారు, లోపల ఎంతసేపు కూసోబెట్టినారప్పా మా బిడ్డలు ముసలోళ్లైపాయిరి అని. నిజం మే, నేను సూసినా. సరే, రవ్వంత ఎక్కువ సెప్పినా. ఒక తల్లి ఏడ్సింది.

ఆ మిల్లును యూనివర్సిటీగా మార్చేది మా సిద్ధప్ప నెత్తిన పడింది. ఎస్టేటు ఆఫీసరని పేరు. పేరు గొప్పదే, పని సూస్తే కుక్క కూడా సేయదు. పాఠం సెప్పేటోళ్లకు పాఠమొకటే పని. వీనికి గోడలు, కప్పులు, కొళాయిలు, కక్కసులు, కరెంటు, తాళాలు. ఎవరో పుణ్యాత్ములు దానమిచ్చిన గోడౌన్లు, ఆలూరు రోడ్డులో కంపచెట్లు మొలిసిన బీడు, బజారులో బాడిగకిచ్చిన అంగళ్లు, అన్నీ వీడే సూడాల. తాళాల గుత్తి నడుముకు కట్టుకుంటే ఒక పక్కకు ఒరిగి నడిసేటోడు. గుత్తి తీసి ఈ మంచం మీద యేసినాడా, ఆ మూల నుంచి పిల్లి ఎగిరి పడేది.

అన్నిటికన్నా పెద్ద నొప్పి గదులు. గదంటే ఆ ప్రొఫెసర్లకు పానం మే. కామర్సోళ్లు ఒక గదికి ఏండ్లకేండ్లు తాళమేసి పెట్టినారు. 'అందులో ముఖ్యమైన సామగ్రి ఉందండీ సిద్ధప్పగారూ, తాళం చెవి ఇవ్వడం కుదరదు' అని. ఒక దినం తాళం పగలగొట్టి సూస్తే మూడు కాళ్ల కుర్చీ ఒకటి, దాని కింద పిల్లి సంసారం, అవ్వా తాతలతో సహా. ఇట్ల కాదని వీడొక పద్ధతి పెట్టినాడు. ఏ గది మీద అనుమానమొస్తే ఆ గదిలో కుర్చీ యేసుకుని కూసునేది. పొద్దున కాసేపు, మజ్జాన్నం కాసేపు, సాయంత్రం కాసేపు. వారమంతా ఎవరూ రాకపోతే ఆ గది ఇంకొకరికి. ఒకసారి పెద్ద ప్రొఫెసరమ్మ వచ్చి, 'ఏమిటండీ, మా డిపార్టుమెంటులో మీకేం పని?' అని గదమాయించింది. 'గది ఒంటరిగా ఉందమ్మా, తోడు కూసున్నా' అన్నాడు. ఆ యమ్మ మొహం మిరపకాయ బజ్జీ అయింది. వారం తిరిగేసరికి ఆ గదిలో కెమిస్ట్రీ పిల్లోళ్లు గాజు సీసాలు కడుక్కుంటా ఉండినారు. ఖాళీ గది కనబడితే వానికి అన్నం పెంటలో పారేసినట్లుండేది. 'వదినా, పల్లెల్లో నుంచి పిల్లోళ్లు బస్సెక్కి వస్తే కూసునేకి తావు ల్యాదు, వీళ్లు కుర్చీలకు తాళాలేసి పెడతారు' అని పండ్లు నూరేటోడు.

ఇంకొక పిచ్చి కూడా ఉండినాది వానికి. అది సెప్పకపోతే నీకు ఈ కథ అర్థం కాదు. గుంత. నేల మీద యాడ గుంత కనబడినా వాని మొహంలో రక్తం పోయేది. మిల్లులో పాత తొట్లు, మిషన్లు పీకేసిన గుంతలు, బోరు యేసి ఇడిసిన బొక్కలు, దేన్నీ బతకనియ్యలా. ఏ పని ఆగినా గుంత పూడ్సే పని ఆగేది కాదు. వెనకాల 'గుంతల సిద్ధప్ప' అని నవ్వుకునేటోళ్లు. నవ్వనీ. వాళ్లకేం తెలుసు. మా పల్లెలో జొన్నలు పాతరలో పోసేటోళ్లు. పాతరంటే నీకు తెలీదులే, ఇంటి ముందర నేలలో మనిషి లోతున్నర తవ్వి, గడ్డి పరిసి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి మూసేది. తీసేటప్పుడు మూత తెరిసి గాలి ఆడనియ్యాల, దీపం ముట్టించి తాడుతో లోపలికి దించాల, దీపం ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగాల. లోపల గాలి చెడిపోయుంటాది. ఆ ఏడు మా ఇంటికి సుట్టాలొచ్చిరి, పిండి ల్యాదు, తొందర. సిద్ధప్ప సేనుకాడ ఉండాడు. వాని సెల్లెలు లింగమ్మ, ఇంత పిల్ల, 'నేను సన్నగా ఉండా కదా, నేనే దిగుతా' అని దిగింది. సిద్ధప్ప సేను నుంచి వచ్చేసరికి దాన్ని అరుగు మీద పడుకోబెట్టినాము. నిద్రపోయినట్లే ఉండినాది. వాడు ఏడ్సలా. పార తీసుకుని ఆ పాతరను పూడ్సబట్టినాడు, లోపల ఇంకా జొన్నలు ఉండగానే. మా మామ అడ్డం పోలా. ఊరంతా నిలబడి సూసింది, ఏడాది తిండి మన్నులో కలిసిపోతాంటే. ఇది మాత్రం నేను ఒక్క అక్షరం ఎక్కువ సెప్పలా.

నీళ్లు తాగు. కారమా? ఆ కారం ఏమి కారం, మా అత్త సేసిన కారం తింటే పక్కింటోళ్లకు కండ్లలో నీళ్లు వచ్చేటివి.

ఆ, ఎమ్మిగనూరు. ఎమ్మిగనూరులో కాశప్పని మగ్గం నేసే పెద్దాయన. ఆయన నేసిన చీర అగ్గిపెట్టెలో కాదు, అగ్గిపుల్లలో పెట్టొచ్చు, అట్ల నేసేటోడు. ఇంటి పక్కనే పెద్ద సాల, అందులో వరసగా ఆరు గుంత మగ్గాలు. గుంత మగ్గం సూసినావా నువ్వు? నేలలో మోకాలు లోతు గుంత ఉంటాది, నేసేటోడు గట్టు మీద కూసుని కాళ్లు లోపలికి యేలాడేసి, అడుగున ఉండే చెక్కలు తొక్కుతా పైన సేతుల్తో నేస్తాడు. ఒకప్పుడు ఆ సాలలో ఆరు మగ్గాలూ ఆడితే వీధిలో మాట ఇనపడేది కాదు. పోను పోను అన్నీ ఆగిపాయ, కాశప్పదొకటే మిగిలింది. ఆయనకు మగపిల్లోళ్లు ల్యారు, కూతుర్లు బళ్లారిలో, గుంతకల్లులో సంసారాలు సేసుకుంటాండారు. ఆ సాల మీద అందరి కండ్లూ పడినాయి. ఒకడు కల్యాణమండపం కడతాననె, ఒకడు బైకుల షోరూము పెడతాననె. కాశప్ప ఎవరికీ ఇయ్యలా. 'ఈడ మగ్గం ఆడాల. పిల్లలు ఎవరన్నా నేర్సుకుంటామంటే ఊరికే ఇస్తా' అన్నాడంట.

ఆ మాట మా సిద్ధప్ప చెవిన పడింది. ఇంక ఇడుస్తాడా? ఆదివారమొస్తే ఎమ్మిగనూరు బస్సు. పోయి కాశప్ప పక్కన గట్టు మీద కూసునేది, టీ తాగేది, వచ్చేది. అడిగేది ల్యా, పెట్టేది ల్యా. కాశప్పే ఒక దినం అడిగినాడంట, 'ఏమప్పా, మీ యూనివర్సిటీకి ఇస్తే మగ్గం ఆడిస్తారా, ల్యాకుంటే కాయితాలు దాసుకునేకి గోడౌను సేస్తారా?' అని. 'తాతా, ఆడపిల్లలకు నేత క్లాసు పెడతాము. నేర్పేది నువ్వే. నీ కాళ్లు ఆడినన్నాళ్లు నువ్వు కూసునే తావు నీదే, దాని మీద ఎవర్నీ సెయ్యి పెట్టనియ్యను' అన్నాడు మావోడు. ఆ ఒక్క మాట మీద రాసిచ్చినాడు ఆయన. సిద్ధప్ప ఇంటికొచ్చి, 'వదినా, ఈ పొద్దు నాకొక తాత దొరికినాడు' అని నేను యేసిన రొట్టెలు పద్నాలుగు తిన్యాడు. పద్నాలుగు కాకపోతే ఏడు.

అంతలో కాశప్పకు కంటిలో పొర వచ్చింది. ఆపరేషనుకని కూతురు బళ్లారికి పిలుసుకుని పోయింది, ఆయన్నూ ఆయన పెండ్లాము శారదమ్మనూ. నెల దినాలు ఆడనే ఉండాలన్నారు. ఈడ వీసీ సారుకు తొందర. 'సిద్ధప్పగారూ, పైనుంచి పెద్దలు వస్తున్నారు, ఎమ్మిగనూరు సెంటర్ ప్రారంభం పెట్టేద్దాం' అని. మావోనికి ఇంకా సంతోషం. కాశప్ప కొత్త కండ్లతో వచ్చి మొదటిసారి సూసేది ఈ హాలే కావాలని. కప్పు మార్పించినాడు, సున్నం కొట్టించినాడు, ఫ్యాన్లు, లైట్లు, ఆడపిల్లలకు యేరే బాత్‌రూములు. అన్నీ బాగనే ఉండాయి. కానీ ఆ హాలులో అడుగు పెడితే వాని కంటికి కనపడేది ఒకటే, ఆరు గుంతలు. నోరు తెరుసుకుని వరసగా ఆరు గుంతలు. అందులో రేపు ఇరవైమంది ఆడపిల్లలు తిరుగుతారు.

ఇంటికొచ్చి తట్ట ముందర కూసునేది, అన్నం పిసికేది, లేసి పోయేది. 'ఏమైందప్పా?' అంటే, 'వదినా, పిల్లలు కదా, నవ్వుకుంటా ఎనక్కి నడుస్తారు. ఎవరన్నా పడితే?' అనేటోడు. 'మోకాలు లోతే కదప్పా, పడితే మోకాలు గీరుకుంటాది' అన్నా. నా పక్క ఒక సూపు సూసినాడు. ఎవరో సెప్పినారంట, ఇప్పుడు ఇనుప స్టాండు మగ్గాలు వచ్చినాయి, నేల మీదనే నిలబెట్టొచ్చు, బెంచీ మీద కూసుని నేయొచ్చు, గుంతే అక్కర్లేదని. వానికి దేవుడు కనబడినట్లాయ. తెప్పిచ్చినాడు. అందరి మగ్గాలకన్నా మంచిది, కొత్తది, తళతళా మెరిసేది కాశప్పకని కిటికీకాడ పెట్టిచ్చినాడు. ముసలాయన ఇంక నేల మీద కూసుని లేసే బాధ ల్యాదు, నడుము నొప్పి ల్యాదు, పడే భయం ల్యాదు. కాశప్ప పాత కొయ్య మగ్గాన్ని పారెయ్యలా, సూడు. దాన్ని ఇప్పదీసి, తుడిసి, నూనె రాసి, గోడకాడ అద్దాల బీరువాలో పెట్టిచ్చినాడు. పూలదండ కూడా యేసినాడు. గౌరవంగా ఉంటాదని!

గుంతలు పూడ్సనీకి మేస్త్రీ శేషప్పను పిలిసినాడు. ఎమ్మిగనూరోడే. వాడు తలగోక్కుని, 'సార్, ఇది కాశప్ప గుంత. మొదటి గంప మేమెయ్యము సార్, మీరెయ్యండి' అన్నాడు. ఎందుకని అడిగుంటే సరిపోయేది. మావోడు అడగలా. ఏ పని మొదలుపెట్టినా మొదటి గంప, మొదటి ఇటుక ఆఫీసరు సేతనే పెట్టిస్తారు కదా, అట్లనే అనుకున్యాడు. శేషప్ప కూడా, ఇంత పెద్ద ఆఫీసరు, పెద్దాయన్ను అడగకుండా సేస్తాడా అనుకున్యాడు. ఇంక సెప్పలా. సిద్ధప్ప చొక్కా సేతులు మడిసి, గంప ఎత్తి, కాశప్ప గుంతలో మన్ను పోసినాడు. ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా పోసినాడో! ఆ పొద్దు ఇంటికొచ్చి కడుపునిండా తిన్యాడు. పైన కంకర, సిమెంటు, టైల్సు. ఈ మూల నుంచి ఆ మూలకు గోలీ ఇడిస్తే ఆగకుండా పోయే నేల.

ప్రారంభానికి ముందు దినం కాశప్ప, శారదమ్మ బళ్లారి నుంచి దిగినారు. నన్ను కూడా పిలుసుకుని పోయినాడు సిద్ధప్ప, 'తాత మొహం నువ్వు సూడాల వదినా' అని. కాశప్ప నల్లద్దాలు పెట్టుకుని, సినిమా హీరో మాదిరి వచ్చినాడు. చెప్పులు బయట ఇడిసినాడు. గోడలూ సూడలా, ఫ్యాన్లూ సూడలా. యాభై అరవై ఏండ్ల అలవాటు, కాళ్లే నడుసుకుంటా ఆయన తావుకు తీసుకుపోయినాయి. ఆడికి పోయి, ఎప్పుడూ కూసున్నట్లే సెయ్యి కింద ఆనించి కూసుని, కాళ్లు కిందికి దించబోయినాడు. మడమలు టైల్సుకు తగిలినాయి. మళ్లా దించబోయినాడు. మళ్లా తగిలినాయి. అద్దాలు తీసి, సేత్తో నేల తడుముకున్యాడు. మా సిద్ధప్ప నవ్వుతా, 'ఇంక పడే భయం ల్యాదు తాతా! అన్నీ పూడ్సిపిచ్చినా' అన్నాడు.

ఎనకాల నుంచి శారదమ్మ ఒక్క అరుపు అరిసింది. ఇంకా నా చెవుల్లో ఉంది. ఆయమ్మ నేల సూడలా, బీరువాలో దండేసిన మగ్గాన్ని సూసింది. 'ఏమప్పా సిద్ధప్పా, మా ఆయన బతికుండాడు కదప్పా! మా ఇంట్లో గుంత పూడ్సేది మనిషి పోయిన పదకొండో దినం కదప్పా! అంతకు ముందు ఎవరన్నా పూడుస్తారా? మొదటి మన్ను ఎవరేసినారు?' అని. శేషప్ప తల ఎత్తలా. 'నేనేనమ్మా' అన్నాడు మావోడు. అప్పటికి కూడా వానికి సగమే అర్థమాయ. 'మొదటి మన్ను కొడుకెయ్యాల' అని ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాశప్పే లేసినాడు. పంచె దులుపుకుని, సిద్ధప్ప భుజం మీద సెయ్యేసి, 'పోనీలే అప్పా. నాకు కొడుకు ల్యాడు కదా, ఎవరో ఒకరు యెయ్యాల్సిందే. నువ్వు రవ్వంత తొందరపడినావు, అంతే' అని నవ్వినాడు. తిట్టుంటే బాగుండు మే. చెప్పు తీసుకుని కొట్టుంటే మా సిద్ధప్ప ఇంకా పదేండ్లు బతికుండు.

ప్రారంభం జరిగింది. పెద్దోళ్లు వచ్చిరి, రిబ్బను కత్తిరించిరి, కాశప్పకు శాలువా కప్పిరి. ఆయన మర్యాదకు ఆ ఇనుప మగ్గం మీద కూసున్నాడు. కాళ్లు యాడ పెట్టాల్నో ఆయనకు తెలీలా. దారముండే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు యేసినాడు, పడుగు పోగు తెగింది. మళ్లా యేసినాడు, మళ్లా తెగింది. 'కాళ్లకు తెలీకుంటే సేతులకు తెలీదప్పా' అని లేసిపోయినాడు. మళ్లా రాలా. ఆడపిల్లలు కొన్ని దినాలు వచ్చినారు, నేర్పేటోడు ల్యాక వాళ్లూ మానుకున్యారు. ఇనుప మగ్గాలు ఎవరో పట్టుకుపోయినారు. యూనివర్సిటీకి ఇంకొక ఖాళీ హాలు దొరికింది.

సిద్ధప్ప ఏం సేసినాడో తెలుసా? గునపం తీసుకుని పోయినాడు. కూలోళ్లను పెట్టలా. 'పూడ్సింది నేను, తీసేది నేను' అని. నేను సద్ది కట్టుకుని ఎనకాలే పోయినా, గుండె ఆగి పడతాడేమోనని. కాశప్ప గుంత ఉండిన తావులో టైల్సు పగలగొట్టినాడు, సిమెంటు పగలగొట్టినాడు, కంకర తోడినాడు. అంతవరకు బయట నిలబడి సేసినాడు. ఇంక లోపలికి దిగాల. లింగమ్మ పోయినాక వాడు ఏ గుంతలోనూ అడుగు పెట్టినోడు కాదు. గట్టు మీద నిలబడినాడు. జేబులో నుంచి మట్టి ప్రమిద తీసినాడు. నూనె, వత్తి, అన్నీ తెచ్చుకున్యాడు. మిట్టమజ్జాన్నం, కిటికీల్లో నుంచి ఎండ కొడతాంటే, మోకాలు లోతు గుంతలోకి దీపం ముట్టించి దించినాడు. అది ఆరుతాదా, ఆరదా అని సూసుకుంటా గొంతుక్కూసున్నాడు. నేను అన్నిటికీ నవ్వేదాన్ని కదా, ఆ దినం నవ్వలా. దీపం ఆరలా. దిగినాడు. చెమటతో తడిసి, మోకాళ్ల మీద కూసుని, సేతుల్తో మన్ను తోడినాడు.

రిజిస్ట్రారు పిలిపించినాడు. 'ఏమండీ సిద్ధప్పగారూ, మొన్ననే టైల్సు వేయించారు, ఇవాళ పగలగొట్టారు. ఆడిట్‌కు ఏమని చెప్పమంటారు?' 'తప్పు దిద్దుకున్నాడని సెప్పండి సార్.' 'తప్పు దిద్దుకోడానికి మన దగ్గర బడ్జెట్ లేదండీ!' అన్నాడంట. ప్రమోషను ఆగిపాయ. దానికి వాడు బాధపడలా. కాశప్ప ఇంటికి పోయి, 'తవ్వినా తాతా. పాత మగ్గం కూడా బిగిస్తాము. వచ్చి ఒకసారి సూడు' అన్నాడు. ఆయన మజ్జిగ ఇచ్చినాడు. 'పూడ్సిన గుంతలో మళ్లా కూసునే పద్ధతి మాకు ల్యాదప్పా. అది నా పేరున పూడింది. పోనీలే' అన్నాడు. ఎన్ని తూర్లు పోయినా మజ్జిగ ఇచ్చేది, పోనీలే అనేది.

అప్పుడు మొదలాయ, నువ్వు అడుగుతాండావే, ఆ ఖాళీ. ఎవరూ పడకుండా గుంత సుట్టూ కటకటాలు పెట్టిచ్చినాడు. కంప్యూటరోళ్లు ఆ హాలు అడిగినారు, ఇయ్యలా. పరీక్షల ఆఫీసోళ్లు అడిగినారు, ఇయ్యలా. వీసీ సారు కోప్పడినాడు, 'ఏమయ్యా, ఖాళీగా ఉంటే నిద్రపట్టని మనిషివి, ఇది మాత్రం ఎందుకు ఖాళీ పెట్టావు?' అని. 'అది ఖాళీ కాదు సార్, రావాల్సిన మనిషుండాడు' అనేటోడు. మిగతా గదుల కోసం మామూలుగానే కొట్లాడేటోడు, చెట్ల కింద కూసునే క్లాసొక్కటి కూడా ఉండనియ్యలా. ఆదివారం మాత్రం ఎమ్మిగనూరు. హాలు తీసి, ఊడ్సి, గుంత పక్కన కుర్చీ యేసుకుని కూసునేది. ఎనకట ప్రొఫెసర్ల గదుల్లో కూసునేటోడే, ఎవరన్నా వస్తారా, రారా అని, అట్ల. అప్పుడు వారానికే తీర్పు సెప్పేటోడు. దీనికి మాత్రం గడువు పెట్టలా. 'ఇంక సాలప్పా, ఆ ముసలాయన రాడు' అని నేను ఎన్ని తూర్లు సెప్పినా, 'తాతకు కోపం ల్యాదు వదినా, కోపముంటే పోగొట్టొచ్చు' అనేటోడు.

జూన్ నెలలో మొదటి వాన పడింది. లైబ్రరీ కప్పు కారతాందని పైకెక్కినాడు. సూసినాడు, దిగినాడు, కింది మెట్టు మీద కూసున్నాడు. లేయలా. అంతే. అంతకన్నా ఏమీ ల్యాదు. పల్లెకు తీసుకుపోయి మా సేనులోనే పెట్టినాము, లింగమ్మ పక్కన.

పెద్దకర్మం అయినాక నేను ఆదోనికి వచ్చిన మరుసటి దినం, వాకిట్లో ఎవరో నిలబడినారు. సూస్తే కాశప్ప. కట్టె పట్టుకుని, ఒక్కడే, బస్సులో వచ్చినాడు. కూసోమంటే కూసోలా. నీళ్లిస్తే తాగలా. 'అమ్మా, హాలు తాళం ఇంట్లో ఉందా?' అన్నాడు. ఉంది. ఆఫీసుకు ఇంకా ఇయ్యలా. ఇద్దరమూ ఆటో మాట్లాడుకుని పోయినాము.

నేనే తాళం తీసినా. దుమ్ము పట్టినాది. ఆయన చెప్పులు ఇడిసి, కటకటాల తలుపు తోసుకుని, గట్టు మీద సెయ్యి ఆనించి, నెమ్మదిగా కూసున్నాడు. కాళ్లు లోపలికి దించినాడు. పోయినాయి. అడుగు తగిలింది. పైన మగ్గం ల్యాదు, ఏమీ ల్యాదు. పాదాలు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడతాంటే నేను సూసినా. 'లోతు సరిగ్గా తవ్వినాడమ్మా' అన్నాడు. 'నా కాలికి ఎంత కావాల్నో అంతే తవ్వినాడు. పిలిసినప్పుడు ఒక్కసారి వచ్చి కూసోనుంటే ఏం పోయేది నాకు' అన్నాడు.

ఏడాదికి ఆయన కూడా పోయినాడు. శారదమ్మ ఆ గుంతను మళ్లా పూడ్సనియ్యలా. ఆయనకు ఒకసారి మన్నేసినారు, సాలు అన్నది.

ఏమో మే, హాలు ఎవరికియ్యాల్నో నన్నడిగితే నేనేం సెప్పేది? ఆఫీసు నీది, తాళం నీది. కంప్యూటర్లకే ఇస్తావో, ఎవరికిస్తావో. నువ్వు ఆ హాలులో కాసేపు కూసుని సూసి రాయి, అంతే నేను సెప్పేది. వాడు ఉండుంటే…

మబ్బు పట్టింది సూడు మే. మిద్దె మీద మిరపకాయలు ఆరబోసినా. లే, లే, ఆ గోనెపట్ట అందుకో.